విహార మార్గాల్లో పాత విమానాలు, వాటిలోని క్యాబిన్ సేవ

సెలవుల ప్రయాణికులను నమ్ముకుని నడిచే విమాన సంస్థలు తమ ప్రకటనల్లో సముద్రతీరాన్నీ, ఈతకొలనునూ, గొడుగు కింద వాలుకుర్చీనీ చూపిస్తాయి గానీ, అక్కడికి చేరేలోపు మనం ఎనిమిది తొమ్మిది గంటలు కూర్చోవలసిన సీటును మాత్రం అరుదుగా చూపిస్తాయి. ఈ మధ్య అటువంటి ఒక సంస్థకు చెందిన పాత ఎయిర్‌బస్ ఏ330-200 విమానంలో ఒక ద్వీపానికి వెళ్లి వచ్చాను. గతంలో ఇదే తరహా మార్గాల్లో బోయింగ్ 757, 767 విమానాల్లోనూ ప్రయాణించాను. అన్నీ కలిపి చూశాక నాకు స్థిరపడిన అభిప్రాయం ఏమిటంటే, విమానం పాతదైనంత మాత్రాన ప్రయాణం చెడిపోదు. పాతదే కదా అని క్యాబిన్‌ను పట్టించుకోకుండా వదిలేసినప్పుడే చెడిపోతుంది.

ఈ మార్గాల్లో పాత విమానాలు ఎందుకు ఎక్కువగా కనిపిస్తాయో ముందుగా చెప్పాలి. విహార ప్రయాణాల గిరాకీ ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. బడి సెలవుల్లో, పండుగ రోజుల్లో సీటు దొరకదు. మిగిలిన నెలల్లో అదే మార్గంలో సగం సీట్లు ఖాళీగా ఉంటాయి. కొత్త విమానం తీసుకున్న సంస్థ నెలనెలా వాయిదాలు కట్టాలి కాబట్టి దాన్ని రోజూ వీలైనన్ని గంటలు ఎగరేస్తేనే లెక్క సరిపోతుంది. పాత విమానానికి ఇంధనం ఎక్కువ కావాలి, మరమ్మతులూ ఎక్కువే, కానీ కొనుగోలు ధర బాగా తక్కువ కనుక గిరాకీ లేని రోజుల్లో నేల మీద నిలిపి ఉంచినా పెద్ద భారం కాదు. అమెరికాలోని అలీజియంట్ సంస్థ 2018 నవంబరు వరకు ఎండీ-80 రకం పాత విమానాలను ఈ లెక్క మీదే నడిపింది. మొత్తం 1,050 విమానాలతో 2004లో తయారీ ఆగిపోయిన 757ను విహార సంస్థలు ఆ తరువాత కూడా ఏళ్ల తరబడి వదులుకోలేకపోవడానికి ధర ఒక్కటే కారణం కాదు. దూరం వెళ్లగలిగి, పొట్టి రన్‌వేల మీద నుంచి కూడా లేవగలగడం ద్వీపాల విమానాశ్రయాలకు బాగా పనికొచ్చింది. ఈ వ్యాపారంలో మిగిలేది ఎంత స్వల్పమో బ్రిటన్ విహార సంస్థలైన మోనార్క్ 2017 అక్టోబరులో, థామస్ కుక్ 2019 సెప్టెంబరులో మూతపడినప్పుడు ప్రయాణికులందరికీ తెలిసివచ్చింది. అందువల్ల ఒక సంస్థ పాత విమానాన్ని ఎంచుకోవడాన్ని నేను తప్పుపట్టను.

భద్రత గురించి భయపడేవారికి ఒక మాట. విమానం వయసును ఏళ్లలో మాత్రమే లెక్కపెట్టరు. ఎన్నిసార్లు పైకి లేచి కిందికి దిగిందన్నది అంతకంటే ముఖ్యం, ఎందుకంటే ప్రతిసారీ క్యాబిన్‌లో గాలి పీడనం పెంచి తగ్గించినప్పుడు లోహపు తొడుగు మీద ఒత్తిడి పడుతుంది. ఈ సంగతిని ప్రపంచానికి గట్టిగా తెలియజెప్పింది కూడా ఒక విహార మార్గమే. 1988 ఏప్రిల్ 28న హవాయి దీవుల మధ్య ఎగురుతున్న అలోహా సంస్థ 737 విమానం పైకప్పులో పెద్ద భాగం గాలిలోనే ఊడిపోయి, క్యాబిన్ సిబ్బందిలో ఒకరు ప్రాణాలు కోల్పోయారు. ఆ విమానం వయసు 19 ఏళ్లే, కానీ దీవి నుంచి దీవికి చిన్నచిన్న ప్రయాణాలతో అది అప్పటికే 89,680 సార్లు ఎగిరింది. దానికి ఉప్పుగాలి వల్ల పట్టిన తుప్పు తోడైంది. ఆ తరువాతే పాత విమానాల తనిఖీ నిబంధనలు కఠినమయ్యాయి. పెద్ద తనిఖీకి వచ్చినప్పుడు విమానాన్ని లోపలి అస్థిపంజరం కనిపించేదాకా విప్పి చూస్తారు. సక్రమంగా తనిఖీలు జరిగే పాత విమానం ఎక్కడానికి నేను ఏమాత్రం సంకోచించను.

అయితే ఎంత ఖర్చు పెట్టినా మార్చలేనివి కొన్ని పాత విమానాల్లో ఉన్నాయి. అల్యూమినియం తొడుగు గల విమానాల్లో క్యాబిన్ గాలి సుమారు 8,000 అడుగుల ఎత్తున్న కొండ మీద ఉండే గాలిలా పలచగా ఉండవచ్చు. 2011లో సేవలోకి వచ్చిన కొత్త తరం బోయింగ్ 787లో, 2015లో వచ్చిన ఎయిర్‌బస్ ఏ350లో దాన్ని 6,000 అడుగుల స్థాయిలో ఉంచగలుగుతున్నారు, గాలిలో తేమ కూడా వాటిలో కొంత మెరుగ్గా ఉంటుంది. పాత విమానంలో రాత్రంతా ప్రయాణించి దిగినప్పుడు గొంతు ఆరిపోయి, తల బరువెక్కి, సెలవుల మొదటి రోజు నిద్రకే సరిపోతుంది. ఇది నా ఒక్కడి అనుభవం కాదు. వృద్ధులతో, చిన్నపిల్లలతో వెళ్లేవారు దీన్ని తప్పకుండా లెక్కలోకి తీసుకోవాలి.

సీట్ల విషయానికి వస్తే, పాత విమానాలకే అనుకూలంగా చెప్పవలసిన సంగతులు ఉన్నాయి. 767లో ఎకానమీ వరుస, మధ్యలో రెండు నడవలతో, రెండు, మూడు, రెండు సీట్లుగా ఉంటుంది. అంటే మధ్య సీటులో ఇరుక్కునేది వరుసకు ఒక్కరే. ఏ330లో రెండు, నాలుగు, రెండు. దంపతులకు, ఒక బిడ్డతో వెళ్లే కుటుంబాలకు కిటికీ పక్కన జంట సీట్లు దొరకడం ఎంత హాయో అనుభవించినవారికే తెలుస్తుంది. అదే 787లో దాదాపు అన్ని సంస్థలూ మూడు, మూడు, మూడుగా సర్దడంతో సీటు వెడల్పు అంగుళం దాకా తగ్గింది. కొన్ని చవక సంస్థలు ఏ330లోనే వరుసకు తొమ్మిది సీట్లు ఇరికించాయి. ఎయిర్ ఏషియా ఎక్స్ తన ఏ330-300లో 377 మందిని కూర్చోబెట్టే అమరికను నడిపింది. కాబట్టి విమానం ఏ రకమో తెలిస్తే చాలదు, సీట్ల పటం చూడాలి. నేను ఎక్కిన విమానంలో వరుసకు ఎనిమిది సీట్లే ఉన్నాయి. సీటు పాతకాలపు మందపాటిది, వెనక్కి బాగా వాలింది. కానీ కూర్చున్న గంటకే అడుగున ఇనుప చట్రం తగలసాగింది, ఎందుకంటే ఆ పరుపును మార్చి చాలా ఏళ్లయింది. సీటు పరుపు మార్చడానికి విమానం మార్చనక్కరలేదు.

నా ఫిర్యాదు అంతా ఇక్కడి నుంచే మొదలవుతుంది. నా ముందు సీటుకు అమర్చిన తెర సగం వెలిగి ఆగిపోయింది. పక్క సీటు తెర మీద వేలితో ఎక్కడ నొక్కినా మరెక్కడో తెరుచుకునేది. చదువుకునే దీపం నా సీటుకు వెలగలేదు, నడవ అవతలి సీటుకు ఆరలేదు. రాత్రి ప్రయాణంలో ఆ రెండోది మరీ బాధాకరం. భోజనం బల్ల ఒక పక్కకు ఒరిగిపోవడంతో గ్లాసును చేత్తో పట్టుకునే తినవలసి వచ్చింది. ఫోను ఛార్జి చేసుకునే సౌకర్యం ఎక్కడా లేదు. మధ్యలో ఉన్న టాయిలెట్లలో ఒకదానికి బయలుదేరేముందే తాళం వేసి కాగితం అంటించారు, తిరుగు ప్రయాణంలోనూ ఆ కాగితం అలాగే ఉంది. (టాయిలెట్ తలుపు మీద బూడిద గిన్నె కనిపించిందని విమానం పాతదని తేల్చకండి, పొగతాగడం నిషిద్ధమైనా, ఎవరైనా దొంగచాటుగా కాల్చిన సిగరెట్టును చెత్తబుట్టలో పడేసి నిప్పు పుట్టించకూడదని కొత్త విమానాల్లోనూ దాన్ని ఉంచుతున్నారు.) వీటిలో ఏదీ విమానం వయసు వల్ల తప్పనిసరిగా వచ్చేది కాదు. ఇంజిన్లకూ, రెక్కలకూ తనిఖీ గడువులను చట్టం విధిస్తుంది. దీపానికి, బల్లకు, తెరకు అటువంటి గడువు లేదు కనుక వాటిని వచ్చే ఏడాదికి, ఆ పై ఏడాదికి వాయిదా వేస్తూ పోతున్నారు.

ఇలా కాకుండా చేయవచ్చని చూపిన సంస్థలు లేకపోలేదు. జర్మనీకి చెందిన కాండోర్ దశాబ్దాల పాటు 767లను నడిపి, 2022 చివరి నుంచి వాటి స్థానంలో ఏ330నియో విమానాలను తెచ్చుకుంది. ఆ విమానం ఇంజిన్లు కొత్తవి, రెక్కలకూ మార్పులు చేశారు గానీ మనం కూర్చునే గొట్టం ఆకారం 1994లో సేవలోకి వచ్చిన ఏ330దే. అయినా అందులో అడుగుపెట్టినవారికి అది కొత్త తరం విమానంలా అనిపిస్తుందంటే కారణం సీట్లు, దీపాలు, తెరలు, సామాను అరలే.

ఇక క్యాబిన్ సేవ. సీట్లూ తెరలూ ఎంత నిరాశపరిచినా, వెళ్లేటప్పటి సిబ్బందిని మెచ్చుకోకుండా ఉండలేను. తెరలు పనిచేయవని వాళ్లకు ముందే తెలుసు. అడగకముందే వచ్చి చెప్పి, ఖాళీ ఉన్నచోటికి మారాలనుకునే వారిని మార్చారు. పసిబిడ్డ పాలసీసా వేడి చేయమన్న తల్లిని వెనక్కి పంపకుండా, వడ్డన మధ్యలోనే ఒకరు ఆగి ఆ పని చేసి ఇచ్చారు. దీపాలు ఆర్పిన తరువాత కూడా గంటకోసారి మంచినీళ్ల పళ్లెంతో నడవలో తిరిగారు. పొడి గాలి ఉండే పాత విమానంలో ఇంతకంటే విలువైన సేవ లేదని నా అభిప్రాయం.

తిరుగు ప్రయాణంలో విమానం రకం అదే, సంస్థ అదే, సేవ మాత్రం పూర్తిగా వేరు. భోజనం తరువాత నాలుగైదు గంటల పాటు నీళ్లు అడగాలంటే లేచి వెనుకకు వెళ్లవలసి వచ్చింది. కానీ అమ్మకాల బండి మాత్రం రెండుసార్లు తిరిగింది. సిబ్బందిని ఒక్క మాట అనడానికి నాకు మనసొప్పదు. సీట్లు ప్రతి 50కి ఒకరు చొప్పున సిబ్బంది ఉండాలన్నది అమెరికాలోనూ ఐరోపాలోనూ అమలులో ఉన్న కనీస నియమం, అదీ ప్రమాద సమయంలో ప్రయాణికులను బయటికి పంపడానికి పెట్టిన లెక్క. వడ్డనకు అది చాలుతుందని ఎవరూ అనలేదు. మంచి సేవకు పేరుబడ్డ సంస్థలు సుదూర ప్రయాణాల్లో ఆ కనీసం కంటే ఎక్కువ మందిని పంపుతాయి. విహార సంస్థలు చాలావరకు కనీసం దగ్గరే ఆగిపోతాయి. మూడువందల మందికి ఆరుగురు, అందులో ఇద్దరు వంతులవారీ విశ్రాంతిలో ఉంటే నడవలో మిగిలేది ఎందరో ఆలోచించండి. దానికి తోడు చాలా చవక సంస్థల్లో విమానం దిగిన తరువాత సీట్ల మధ్య చెత్త తీసేది కూడా వీళ్లే, అమ్మకాల మీద కమీషన్ లెక్కపెట్టుకోవలసిందీ వీళ్లే.

భోజనంలో తేడాకు మరో కారణం ఉంది. చిన్న దీవుల్లో వందలాది భోజనాలు వండి అందించగల వంటశాలలు అన్నిచోట్లా ఉండవు కాబట్టి, తిరుగు ప్రయాణానికి కావలసిన భోజనాన్ని కూడా బయలుదేరే చోటే విమానంలోకి ఎక్కించి, చల్లగా నిలవ ఉంచి తీసుకెళ్లే పద్ధతి విహార మార్గాల్లో ఉంది. వెళ్లేటప్పుడు బాగున్న వంటకమే వచ్చేటప్పుడు అంచులు ఎండి, మధ్యలో ముద్దగా మారడానికి ఇది ఒక కారణం. మధ్య వరుసలకు వచ్చేసరికే శాకాహారం అయిపోయిందన్నారు. ప్రత్యేక భోజనం కావలసినవారు రెండు వైపులకూ విడివిడిగా ముందే చెప్పి, అది నమోదైందో లేదో సరిచూసుకోవడం మంచిది.

వేసవి రద్దీలో మరో చిక్కు వస్తుంది. తమ విమానాలు చాలనప్పుడు ఈ సంస్థలు విమానాన్నీ, సిబ్బందినీ, నిర్వహణనూ, బీమానూ కలిపి వేరే సంస్థ నుంచి అద్దెకు తెచ్చుకుంటాయి. టికెట్ మీద ఒక పేరు, విమానం మీద మరో పేరు ఉంటాయి. డబ్బు కట్టి ఎంచుకున్న సీటు ఆ విమానంలో ఉండకపోవచ్చు. బుకింగ్ సమయంలో ‘నడిపే సంస్థ’ అన్న వరుసను చదవాలి, ప్రయాణానికి రెండు మూడు రోజుల ముందు మళ్లీ చూడాలి.

ఆలస్యాల గురించి క్లుప్తంగా చెబుతాను. పాత విమానం మరమ్మతు కోసం ఆగే అవకాశం ఎక్కువ. పైగా విహార సంస్థకు ఆ దీవిలో బదులు విమానం ఉండదు. ఐరోపా సమాఖ్య నుంచి బయలుదేరే ప్రయాణాల్లో, మామూలు సాంకేతిక లోపాన్ని సంస్థ చేతిలో లేని అసాధారణ పరిస్థితిగా చూపి, ప్రయాణికులకు ఇవ్వవలసిన పరిహారం ఎగ్గొట్టడానికి వీల్లేదని ఐరోపా న్యాయస్థానం 2008 డిసెంబరులోనే తీర్పు ఇచ్చింది. కౌంటరు దగ్గర ‘సాంకేతిక కారణం’ అన్న మాట విని వెనుదిరగకండి.

టికెట్ కొనేవారికి ఉపయోగపడే వివరం ఒకటి. బుకింగ్ తెర మీద విమానం రకం మూడు అంకెల లేదా అక్షరాల సంకేతంగా ఉంటుంది: 763 అంటే 767-300, 332 అంటే ఏ330-200, 339 అంటే కొత్త ఏ330-900 (నియో), 789 అంటే 787-9. ఏ330 దొరికితే, తోక వైపు విమానం సన్నబడే చివరి కొన్ని వరుసల్లో మధ్య సీట్లు నాలుగు కాక మూడే ఉంటాయి. అక్కడి కిటికీ జంట సీట్ల పక్కన చిన్న సంచి పెట్టుకునేంత ఖాళీ కొన్ని విమానాల్లో మిగలవచ్చు. ఇంజిన్ల హోరు అక్కడ ఎక్కువ, భోజనం చివరగా అందవచ్చు, అయినా ఇద్దరికి అంతకంటే మంచి చోటు ఎకానమీలో లేదు. నేను ప్రయాణించిన సంస్థలో పగటిపూట వెళ్లే విమానాన్ని, ఆ సిబ్బంది కోసమే, మళ్లీ ఎంచుకుంటాను. రాత్రి తిరుగు ప్రయాణానికి మాత్రం, ఆ సీట్ల పరుపులూ దీపాలూ మార్చారని తెలిసేదాకా, కొంత ఎక్కువ కట్టి అయినా వేరే సంస్థ టికెట్ తీసుకుంటాను.