కోడిపిల్లల షెడ్డుకి డ్రమ్ము పొయ్యి: ఆరు చలికాలాలు వాడాక

మా షెడ్డు శ్రీకాకుళం జిల్లా కోటబొమ్మాళికి దగ్గర్లో ఉంది. 200 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పు. పక్కల అడుగున్నర గోడ, దాని మీద చూరు దాకా ఇనుప జాలీ, పైన సిమెంటు రేకులు. ఎండాకాలానికి బాగా పనికొచ్చే కట్టడం. పుష్యమాసంలో మాత్రం పొలాల మీది చలిగాలి ఇటు జాలీలోంచి వచ్చి అటు జాలీలోంచి పోతుంది. అలాంటి చోట ఒక్కరోజు వయసున్న 5000 బ్రాయిలర్ పిల్లల్ని దించుతాం. మొదటి వారం వాటికి 33 నుంచి 35 డిగ్రీల వేడి కావాలి. తెల్లవారుజామున బయట 15, 16 ఉంటుంది. మనకి దుప్పటితో పోయే చలే, ఒంటి మీద నూగు తప్ప ఈకలు లేని పిల్లకి ప్రాణం మీదికి వస్తుంది.

మొదట్లో అందరిలాగే బల్బులు పెట్టాం. పిల్లకి రెండు వాట్ల లెక్కన చూస్తే 10 కిలోవాట్లు కావాలి. మా లైను అంత మోయదు, సగంతో సరిపెట్టాం. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు షెడ్డులో ఆరు రోజుల పిల్లలున్నాయి. స్తంభాలు పడిపోయాయి, కరెంటు చాలా రోజులు రాలేదు. కుంపట్లలో బొగ్గు వేసి ఎలాగో లాక్కొచ్చాం. ఆ చలికాలమంతా ఆ కుంపట్లనే నమ్ముకున్నాను. అది నా తప్పు. జనవరిలో ఒక రాత్రి చలికి భయపడి పరదాలు నాలుగు వైపులా సందు లేకుండా కట్టేశాం. రెండు గంటలప్పుడు లోపల కాపలా పడుకున్న కుర్రాడు తూలుతూ బయటికొచ్చి "అన్నా, తల తిరిగిపోతంది" అన్నాడు. తెల్లారేసరికి 300కి పైగా పిల్లలు పోయాయి. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, కంటికి కనపడదు. ఆ రాత్రి అతనికి మెలకువ రాకపోయి ఉంటే ఏమయ్యేదో అన్న ఆలోచన నన్ను ఇప్పటికీ వదల్లేదు.

తర్వాత ఒక బ్యాచ్‌కి గ్యాస్ బ్రూడర్లు, అంటే పిల్లలకి వేడినిచ్చే గ్యాస్ పొయ్యిలు తెచ్చాం. వేడి వెంటనే అందుతుంది, అందులో వంక లేదు. కానీ కిలో గ్యాస్ మండితే కిలోన్నర దాకా నీటి ఆవిరి పుడుతుంది, పొగగొట్టం లేదు కాబట్టి అదంతా షెడ్డులోనే ఉండిపోతుంది. చల్లటి రేకులకి తగిలి చుక్కలుగా నేల మీద పరిచిన ఊక మీద పడేది. తడిసిన ఊకలోంచి అమ్మోనియా లేచి, లోపలికి వెళ్తే కళ్లు మండేవి.

2019 డిసెంబర్‌లో టెక్కలిలో ఒక వెల్డింగ్ షాపులో రెండు డ్రమ్ము పొయ్యిలు చేయించాను. పైపులతో కలిపి 11 వేలయింది. 200 లీటర్ల ఆయిల్ డ్రమ్మును అడ్డంగా పడుకోబెట్టి కాళ్లు, కట్టెలు వేసే తలుపు, గాలి తగ్గించుకోవడానికి కింద చిన్న జారుడు రేకు పెట్టారు. ఐదంగుళాల పైపు ఎనిమిది అడుగులు షెడ్డు లోపలే ఏటవాలుగా నడిచి జాలీ దాటి చూరు పైకి పోతుంది. ఆ పైపూ వేడిని ఇస్తుంది, పొగ బయటికి పోతుంది, ఊక పొడిగా ఉంటుంది. పొయ్యి చుట్టూ మూడడుగుల మేర ఊక తీసేసి ఇసుక పోసి, జాలీ కంచె కట్టాలి. దీన్ని మాత్రం ఎవరూ తేలిగ్గా తీసుకోకండి, ఊక అంటుకుంటే షెడ్డు మిగలదు.

కట్టె మా తీరం పక్క దొరికే సరివి, అంటే సరుగుడే. మూడు నెలలు ఎండబెట్టింది అయితే నిలకడగా, వేడిగా మండుతుంది. గట్టి చలి రాత్రి ఒక్కో పొయ్యికి 50, 60 కిలోలు పడుతుంది. పలాస జీడి ఫ్యాక్టరీల నుంచి పిక్కల తొక్క తెచ్చి వాడమని కొందరు చెప్పారు. ఒకసారి వేశాను. మంట భగ్గున లేస్తుంది కానీ ఆ తొక్కలో జీడినూనె ఉంటుంది. తలుపు తీసినప్పుడు వచ్చిన కాస్త పొగకే గొంతు పట్టేసింది. పిల్లలున్న చోట అది వద్దు.

మొదటి నెల ఎంత మండించినా వేడి నిలవలేదు. పొయ్యి చాలదనుకున్నాను. అసలు తప్పు షెడ్డు మొత్తం వేడెక్కించాలని చూడటం. ఇప్పుడు మొదటి పది రోజులు 60 అడుగులే వాడతాం. మిగతాది టార్పాలిన్‌తో అడ్డు కట్టేస్తాం. యూరియా సంచులు కుట్టి ఏడడుగుల ఎత్తులో పందిరిలా కడతాం, లేకపోతే వేడంతా రేకుల కిందకి చేరిపోతుంది. పరదా అడుగు భాగాన్ని గోడకి బిగించి పైకి లాగేలా కట్టాలి. పైన ఒక అడుగు ఎత్తు ఖాళీని రాత్రయినా మూయకూడదు. కట్టెల ఖర్చు సగానికి సగం తగ్గింది ఈ సంచుల వల్లే. మొదటి వారం చావులు ఇదివరకు 200 దాకా ఉండేవి, ఇప్పుడు 50, 60.

లోపాలున్నాయి. మూడు గంటలకోసారి లేచి కట్టె వేయాలి, రెండు వారాలు నిద్ర ఉండదు. కొత్త డ్రమ్మును ముందు బయట పెట్టి ఒక రోజంతా మండించాలి, లేదంటే పెయింటు కాలిన వాసన లోపల నిండుతుంది. పచ్చి కట్టె వేస్తే పైపు అతుకుల దగ్గర నల్లటి జిడ్డు కారుతుంది, పైపు మూసుకుపోతుంది. అందుకే బ్యాచ్‌కోసారి విప్పి దులుపుతాం. డ్రమ్ము రేకు పల్చన, రెండో చలికాలం దాటాక అడుగున చిల్లు పడింది.

థర్మామీటర్ పిల్లల ఎత్తులోనే కడతాం. అయినా నేను పిల్లల్నే చూస్తాను. గుంపుగా ఒకదాని మీద ఒకటి ఎక్కితే చలి, పొయ్యికి దూరంగా పోయి నోరు తెరిస్తే వేడి, అన్నీ ఒక పక్కకే చేరితే ఎక్కడో గాలి కొడుతోందని. ఒక పిల్లని తీసుకుని దాని కాళ్లు నా చెంపకి ఆనిస్తాను. చల్లగా తగిలితే ఇంకో రెండు కట్టెలు.

ఈసారి డ్రమ్ముకి బదులు మూడు మిల్లీమీటర్ల ప్లేటుతో పొయ్యి చేయమని చెప్పాను. దీపావళి లోపు ఇస్తానన్నారు. దాన్ని కూడా ఒక చలికాలం వాడాక చెబుతాను.