ఇంటి దగ్గరే వృద్ధుల సంరక్షణ: ఆరు నెలలు వాడిన సేవపై సమీక్ష

గత అక్టోబరులో తెనాలిలోని మా ఇంట్లో అమ్మ స్నానాలగదిలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషను చేసిన వైద్యులు కనీసం మూడు నెలలు పగలూ రాత్రీ పక్కన మనిషి ఉండి తీరాలన్నారు. నాన్నగారికి 79 ఏళ్లు, నేను హైదరాబాదులో ఉంటాను, చెల్లెలు డాలస్‌లో స్థిరపడింది. అందువల్ల ఒక ఏజెన్సీ ద్వారా ఇరవైనాలుగు గంటలూ ఇంట్లోనే ఉండే సహాయకురాలిని కుదుర్చుకున్నాము. ఆ ఏజెన్సీ పేరు ఇక్కడ చెప్పడం లేదు, ఎందుకంటే నా ఫిర్యాదుల్లో సగం దాని చేతిలో లేనివి.

ముందు మంచి చెప్పాలి. మొదట వచ్చిన ఆమె పార్వతీపురం వైపు మనిషి, నలభై ఏళ్లుంటాయి. మేము అమ్మను చంకల కింద చేతులు పెట్టి లాగి కూర్చోబెడుతుంటే మొదటి రోజే వారించింది. మోకాళ్ల మధ్య దిండు పెట్టి, మెల్లగా పక్కకు తిప్పి, కాళ్లు మంచం అంచు నుంచి దించాక మాత్రమే పైకి లేపేది. దిండు లేకుండా నాన్నగారిని కూడా అమ్మ మీద చెయ్యి వేయనిచ్చేది కాదు. మూడు నెలల్లో అమ్మకు ఒక్క పడకపుండు కూడా రాలేదంటే ఆ ఘనత పూర్తిగా ఆమెదే. నెలకు 26,000 రూపాయలు, భోజనం మనదే. ఆ పనితనానికి అది ఎక్కువేమీ కాదు.

1988లో మా నానమ్మ మంచాన పడినప్పుడు ఇటువంటి సేవ ఒకటి ఉంటుందని మా ఇంట్లో ఎవరూ ఊహించి ఉండరు. నలుగురు కోడళ్లూ ఇద్దరు కూతుళ్లూ వంతులు వేసుకున్నారు; ఆ వంతుల గురించి జరిగిన గొడవలు ఇప్పటికీ పెళ్లిళ్లలో చెప్పుకుంటారు. అమ్మ మాత్రం ‘మేమిద్దరం, మాకిద్దరు’ అని ఆస్పత్రి గోడల మీద రాసి ఉన్న కాలంలో రెండో కాన్పు కాగానే ఆపరేషను చేయించుకుంది. నాకు ఒక్కతే కూతురు. ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. తల్లిదండ్రుల తరం స్థానంలోకి అంతే సంఖ్యలో పిల్లల తరం రావాలంటే సగటున ఒక్కో స్త్రీకి 2.1 మంది పిల్లలు పుట్టాలి. ఆ పైన ఉన్న 0.1, ఆడపిల్లల కంటే మగపిల్లలు కొంచెం ఎక్కువగా పుట్టడం వల్లా, కొందరు ఆడపిల్లలు తల్లులయ్యే వయసు దాటకుండానే చనిపోవడం వల్లా వచ్చే లోటుకు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో స్త్రీకి పుట్టే పిల్లల సగటు 1992–93లో 2.6, 2005–06 నాటికే 1.8కి దిగింది. 2019–21 సర్వేలో ఆంధ్రప్రదేశ్‌ది 1.7, తెలంగాణది 1.8. అలాగని జనాభా ఆ మర్నాటి నుంచే తగ్గిపోదు. ముందు పుట్టిన పెద్ద తరం పిల్లలను కంటూ ఉన్నంతకాలం కొన్ని దశాబ్దాలు పెరుగుతూనే ఉంటుంది. ముందుగా మారేది వయసుల పొందిక. 2021 అంచనాల్లో అరవై దాటినవారు కేరళలో 16.5 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 12.4 శాతం, బీహారులో 7.7 శాతం.

ఈ లెక్క మా గుమ్మం ఎక్కింది సంక్రాంతికి. సహాయకురాలు తన పిల్లల దగ్గరికి వెళ్లింది, వెళ్లడం న్యాయం కూడా. ఒప్పందం ప్రకారం ఆమె బదులు రావలసిన మనిషి, అంటే రిలీవర్, మూడు రోజులు రాలేదు. భోగినాడు ఫోన్ చేస్తే ఏజెన్సీ నిర్వాహకుడు దాపరికం లేకుండా చెప్పాడు: “మనుషులు దొరకడం లేదండీ. ఇదివరకు చుట్టుపక్కల ఊళ్ల నుంచే వచ్చేవాళ్లు. ఇప్పుడు శ్రీకాకుళం దాటి వెతుకుతున్నాం.” అతని మాటను నేను సాకుగా కొట్టిపారేయలేకపోయాను. గోదావరి జిల్లాల నుంచీ కడప వైపు నుంచీ ఎందరో ఆడవాళ్లు ఇదే ఇంటిపనికి కువైట్ వెళుతున్నారు. శ్రీకాకుళం దాటి ఒడిశాలోకి వెళ్లినా 2019–21 సర్వేలో అక్కడి పిల్లల సగటూ 1.8 మాత్రమే.

పండగ తరువాత పంపిన అమ్మాయి జార్ఖండ్ నుంచి వచ్చింది. అదే సర్వేలో ఆ రాష్ట్రపు సగటు ఇంకా 2.3. ఓపికస్తురాలే గాని ఒక్క ముక్క తెలుగు రాదు. “పానీ?” అని ఆమె గ్లాసు చూపిస్తే, చూపు సరిగా ఆనని అమ్మ “పనేముందమ్మా, కాసేపు కూర్చో” అనేది. పదిహేను రోజులు ఇద్దరికీ మధ్య నాన్నగారే దుబాసీ. ఆ పిల్లకు పది తెలుగు మాటలు నేర్పి పంపడం మాత్రం ఏజెన్సీ చేతిలో ఉన్న పనే, చేయలేదు. నేను మార్కులు తగ్గించింది అక్కడ.

ఇద్దరికి మించి సంతానం ఉన్నవారు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయరాదన్న 1994 నాటి నిబంధనను ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2024 నవంబరులో ఎత్తివేసింది. మంచిదే; కానీ ఇప్పుడు పుట్టే బిడ్డ ఇటువంటి పనిలోకి రావడానికి ఇరవై ఏళ్లు పడుతుంది, అప్పటికి వచ్చే గిరాకీ నాదీ మా చెల్లెలిదీ.

ఈ సేవను తీసుకోదలచినవారు రిజిస్ట్రేషన్ రుసుము కట్టేముందే పండగ సెలవుల సంగతి అడగాలి. రిలీవర్ రాని రోజుకు ఎంత తగ్గిస్తారో కాగితం మీద రాయించుకోవాలి; నోటిమాటతో ఒప్పుకున్న నాకు ఒక్క రూపాయి వెనక్కి రాలేదు. అయిదుకు మూడున్నర ఇస్తాను. అమ్మ ఇప్పుడు వాకర్ పట్టుకుని వంటింటిదాకా నడుస్తోంది కనుక పగటిపూట పన్నెండు గంటల సేవకు మారాము. పార్వతీపురం ఆవిడే తిరిగి వచ్చింది, ఉగాదికి నాలుగు రోజులు సెలవు కావాలని ముందే చెప్పి మరీ.