విశాఖ పాతపట్నంలో ఏడాదిగా వాడుతున్న ఎయిర్ ప్యూరిఫయర్

పోర్టు బొగ్గు పొడి కిటికీ అంచుల మీద నల్లగా పేరుకునే విశాఖ పాతపట్నంలో మా ఇల్లు ఉండడం వల్ల, ఉబ్బసంతో బాధపడే మా అమ్మ గదిలో పెట్టడానికి గాలిలోని సన్నటి కణాలను పట్టే హెపా ఫిల్టరున్న ఎయిర్ ప్యూరిఫయర్ కొన్నాం. కంటికి కనిపించే ఆ పొడి కన్నా, ఊపిరితిత్తుల లోతులకు చేరి రక్తంలోనూ కలిసే కంటికి కనబడనంత సన్నటి పీఎం 2.5 ధూళి కణాలే ఎక్కువ ప్రమాదకరం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో వీటికి ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాముల వార్షిక పరిమితిని సూచించగా, మన దేశ ప్రమాణం ఇంకా 40 దగ్గరే ఉంది. తలుపులు మూసి ఉంచితే యంత్రం మీద కనిపించే పీఎం 2.5 అంకె అరగంటలో 90 నుంచి 20కి దిగుతోంది, అమ్మకు రాత్రిపూట దగ్గు బాగా తగ్గింది. మందులు మాత్రం డాక్టరు చెప్పినట్టే కొనసాగిస్తున్నాం. తెల్లటి ఫిల్టరు నాలుగు నెలలకే బొగ్గు రంగుకు తిరిగింది. కొత్తది పంపడానికి కంపెనీ ఆరు వారాలు తిప్పించుకోవడం రోగి ఉన్న ఇంటికి చాలా కష్టమైంది.