చీటీ ముందు, పుస్తకం తర్వాత

జేమ్స్ ఫ్రే రాసిన ‘ఎ మిలియన్ లిటిల్ పీసెస్’ పుస్తకం ఒకే ఒక్క ప్రతి కొన్నేళ్లుగా మా మధ్య టపాలో తిరుగుతోంది. మహారాష్ట్రలో తెలంగాణ సరిహద్దు వైపున్న సిరొంచ, అహేరి, ఆలపల్లి, రాజురా, బల్లార్‌పూర్, అటు నాందేడ్ జిల్లాలో కిన్వట్, ధర్మాబాద్. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, కాలేజీకి వచ్చాక ఇంగ్లిష్ నేర్చినవాళ్లం అందరమూ. చదివినవాళ్లు తర్వాతి ఊరికి పంపుతారు, దాంతోపాటు తిరిగే నోటుబుక్కులో తమకు తోచింది రాస్తారు. ఇంతకాలం వాడాక నా తీర్పు ముందే చెప్పేస్తాను. పుస్తకం చదవదగ్గదే, పదిమందికి పంపదగ్గదే. కానీ ఇందులో ఏది కల్పితమో, తాగుడు ఎలా మానకూడదో చెప్తూ లోపలి అట్టకు మేం అంటించిన చీటీ లేకుండా దీన్ని ఎవరి చేతిలోనూ పెట్టకూడదు.

తెలియనివాళ్ల కోసం కొంచెం వెనక్కి వెళ్తాను. ఇది 2003లో అమెరికాలో ఆత్మకథగా వచ్చింది. ఇరవై మూడేళ్ల కుర్రాడికి విమానంలో మెలకువ వస్తుంది. ముందరి పళ్లు విరిగి ఉన్నాయి, చెంపకు చిల్లు పడి ఉంది, ఎక్కడికి పోతున్నాడో తెలియదు. తల్లిదండ్రులు అతన్ని మిన్నెసోటా రాష్ట్రంలోని ఒక వ్యసన విముక్తి కేంద్రంలో చేరుస్తారు. మద్యం, క్రాక్ కొకైన్ నుంచి అతను బయటపడటమే కథ. 2005లో ఆప్రా విన్‌ఫ్రీ తన టీవీ పుస్తక క్లబ్బుకు ఎంచుకున్నాక లక్షల ప్రతులు అమ్ముడుపోయాయి. 2006 జనవరి 8న ‘ది స్మోకింగ్ గన్’ అనే వెబ్‌సైటు పోలీసు రికార్డులు బయటపెట్టింది. మూడు నెలలు జైల్లో ఉన్నానని రాసుకున్న మనిషి నిజానికి పోలీసుల దగ్గర గడిపింది కొన్ని గంటలేనని తేలింది. అదే నెల 26న ఆప్రా తన కార్యక్రమంలోనే కూర్చోబెట్టి నిలదీస్తే, కల్పించి రాశానని ఒప్పుకున్నాడు. ఆ తర్వాతి ముద్రణల్లో ముందుపేజీల్లో రచయిత వివరణ చేర్చారు. మోసపోయామన్న పాఠకులు కోర్టుకెక్కితే ప్రచురణకర్తలు రాజీకి వచ్చి డబ్బు వాపసు ఇస్తామన్నారు. గట్టి అట్ట ప్రతి కొన్నవాళ్లు రుజువుగా 163వ పేజీ చించి పంపాలని షరతు.

మా ప్రతి హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద దొరికిన పేపర్‌బ్యాక్. గొడవ బయటపడకముందు అచ్చయింది కాబట్టి అందులో రచయిత వివరణ లేదు. చదివేవాడికి ఇదంతా జరిగిన కథేనని చెప్తుంది, అంతకు మించి ఒక్క ముక్క చెప్పదు. చీటీ అవసరం అక్కడే మొదలైంది.

మా వైపు తాగుడు గురించి మాట్లాడేవాళ్లకు కొదవ లేదు. గడ్‌చిరోలి జిల్లాలో 1993 నుంచి దారూబందీ, అంటే మద్యనిషేధం. చంద్రపూర్‌లో 2015 ఏప్రిల్‌లో పెట్టి, 2021లో ఎత్తేశారు. సిరొంచ నుంచి వంతెన దాటితే కాళేశ్వరం, అంటే తెలంగాణ. అక్కడ దుకాణం తెరిచే ఉంటుంది. అంతదూరం పోలేనివాడికి ఇప్పసారా ఉండనే ఉంది. ధర్మాబాద్ వైపు కల్లు, అందులోనూ మత్తుమందు కలిపిన కల్లు. దారూబందీ కోసం ఆడవాళ్లు వీధికెక్కారు, సారా కుండలు పగలగొట్టారు, ఊరేగింపులు తీశారు. ఆ పోరాటం మీద నాకు చాలా గౌరవం. కానీ తాగేవాడికి పొద్దున లేవగానే చేతులెందుకు వణుకుతాయో, ఒంట్లో ఏమవుతుందో ఇంట్లో ఎవరూ అడగరు, వాడూ చెప్పడు. ఈ పుస్తకం చేసిన మేలు అదే. మొదటి వంద పేజీల్లో ప్రతి పొద్దునా వాంతులు, సిగ్గు, భయం, తన మీద తనకు అసహ్యం. కామాలు, కొటేషన్ గుర్తులు పట్టించుకోకుండా చిన్న చిన్న వాక్యాలు రాసుకుపోతాడు. ఇంగ్లిష్ అంతంతమాత్రం వచ్చినవాళ్లు కూడా ఆపకుండా చదివారంటే ఆ వాక్యాల వల్లే.

నోటుబుక్కు సంగతి చెప్పాలి. తెలుగు మాట్లాడటమే తప్ప రాయడం రానివాళ్లు మాలో చాలామంది. వాళ్లు తెలుగునే దేవనాగరి లిపిలో రాశారు. ఆ పేజీలు పైకి చదివితే గాని అర్థం కావు, పైకి చదివితే గొంతు పట్టేస్తుంది. ఎక్కువమంది రాసింది తల్లిదండ్రులు కేంద్రానికి వచ్చే భాగం గురించి. అక్కడ కుటుంబాలకు ప్రత్యేకంగా ఒక వారం కార్యక్రమం పెడతారు. తల్లి ఏడుస్తుంది, తండ్రికి ఏం మాట్లాడాలో తెలియదు, కొడుక్కి వాళ్లని ముట్టుకోనివ్వాలన్నా కోపమే. కొడుకు తాగుడుతో విసిగిపోయిన ఒక తల్లికి ఈ భాగాన్ని కోడలు తెలుగులో చెప్పి వినిపించిందట. అమెరికాలో కూడా తల్లులు ఇట్లనే కూర్చుంటారా అని ఆమె మళ్లీ మళ్లీ అడిగిందని రాశారు. ఆ ఒక్క పేజీ కోసమైనా ఈ పుస్తకాన్ని తిప్పడం సబబే అనిపించింది నాకు.

అబద్ధాల దగ్గరికి వస్తాను. ఆత్మకథలో అటూ ఇటూ కలిపితే ఏమైంది, బాధ నిజమే కదా అని మాలో కొందరు వాదించారు. నేను ఒప్పుకోను. జైలు ఈ పుస్తకంలో ఒక అలంకారం కాదు, కథ మొత్తం దాని మీద ఆధారపడింది. కేంద్రంలో పరిచయమైన లిల్లీ అనే అమ్మాయిని అతను ప్రేమిస్తాడు. అతను జైలు నుంచి బయటికొచ్చిన రోజునే ఆమె ప్రాణం తీసుకుందని చివర్లో రాశాడు. పాఠకుడి గుండె పగిలేది అక్కడే. మూడు నెలల జైలే లేనప్పుడు ఆ ‘బయటికొచ్చిన రోజు’ ఎక్కడిది? ఆమె చనిపోయిన తీరు కూడా పుస్తకంలో ఉన్నట్టు జరగలేదని తర్వాత అతనే చెప్పాడు. ఇదే నవలగా వచ్చి ఉంటే నాకే అభ్యంతరమూ లేదు. నిజానికి మొదట నవలగానే ప్రచురణకర్తలకు చూపించామని అతనే టీవీలో చెప్పాడు. ఎవరూ తీసుకోని నవలను జీవితమని ముద్రవేసి అమ్మడం, అదీ దిక్కుతోచని కుటుంబాలకు అమ్మడం తప్పు.

అయినా జైలు అబద్ధం వల్ల మా ఊళ్లలో ఎవరికీ దెబ్బ తగల్లేదు. దెబ్బ తగిలింది ఇంకోచోట.

ఈ పుస్తకం చదివిన ఎవరినైనా అడగండి, మొదట చెప్పేది పళ్ల సంగతే. మత్తు ఇంజెక్షన్ లేకుండా పంటికి రూట్ కెనాల్ చేయించుకుంటాడు, చేతుల్లో టెన్నిస్ బంతులు నలిపేస్తూ. పళ్ల డాక్టర్లు ఆ కథను నమ్మలేదు, ఆప్రా అడిగినప్పుడు రచయిత కూడా దాని మీద గట్టిగా నిలబడలేకపోయాడు. కానీ ఆ పేజీలు మనిషిని పట్టేస్తాయి. నొప్పిని ఓర్చుకున్నవాడే గెలుస్తాడు, మనసు గట్టిదైతే మందులు, మీటింగులు, దేవుడు ఏవీ అక్కర్లేదు అన్నదే పుస్తకం అంతటా వినిపించే మాట. అదే పుస్తకంలో మొదటి రోజుల్లో నర్సులు అతనికి మందులిస్తారు, డాక్టర్లు కనిపెట్టుకుని ఉంటారు. ఆ పేజీలు ఎవరికీ గుర్తుండవు.

అప్పట్లో మా చీటీ వెనక అట్టకు ఉండేది. ముందే చెప్పేస్తే కథ పట్టు పోతుందని ఎక్కువమంది అన్నారు. రాజురా దగ్గర ఒక ఇల్లాలు రోజూ రాత్రి భర్తకు ఈ కథ తెలుగులో చెప్పేది. ఏళ్లుగా ప్రతిరోజూ తాగే మనిషి. పంటి భాగం విన్నాక, వాడు చేయగలిగితే నేను చేయలేనా అని తలుపేసుకుని కూర్చున్నాడు, మందు ముట్టలేదు. ఇంట్లోవాళ్లు సంతోషపడ్డారు. రెండో రోజు ఫిట్స్ వచ్చాయి. చంద్రపూర్ తీసుకెళ్లారు, బతికాడు. చీటీ దాకా వాళ్లు ఇంకా రానేలేదు, కథ సగంలోనే ఉంది.

ఏళ్ల తరబడి రోజూ బాగా తాగేవాడు ఒక్కసారిగా ఆపితే, చివరిసారి తాగిన ఆరు గంటల నుంచి రెండు రోజుల లోపు ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య లేనివి కనిపించడం, ఒళ్లంతా వణుకు, విపరీతమైన చెమటలు, జ్వరం, మతి తప్పడం మొదలైతే ప్రాణానికే ముప్పు. దీన్నే డాక్టర్లు డెలీరియం ట్రెమెన్స్ అంటారు. దవాఖానలో డయజెపామ్ లాంటి మందులు కొలత ప్రకారం ఇచ్చి, రోజురోజుకీ తగ్గిస్తారు, బి1 విటమిన్ ఎక్కిస్తారు. డయజెపామ్, ఆల్‌ప్రజోలామ్ కలిపిన కల్లుకు అలవాటు పడ్డవాళ్లకూ ఇదే ప్రమాదం. కల్లు దుకాణాలు మూతపడ్డప్పుడు పిచ్చిపట్టినట్టు ప్రవర్తించారని తెలంగాణ పేపర్లలో వచ్చింది ఇలాంటివాళ్ల గురించే. ఇందులో మనోబలం లేకపోవడం అన్న ప్రశ్నే లేదు. అలవాటైన మత్తు అందకపోయేసరికి మెదడు అదుపు తప్పుతుంది.

ఇప్పుడు చీటీ ముందు అట్ట లోపల ఉంది, పుస్తకం తెరవగానే కనబడుతుంది. పై సగంలో ఏది కల్పితమో నాలుగు వాక్యాల్లో ఉంటుంది. కింది సగంలో రోజూ తాగేవాళ్లు డాక్టర్ని అడగకుండా ఒక్కసారిగా ఆపొద్దని, ఏ లక్షణాలు కనబడితే వెంటనే దవాఖానకు పోవాలో, వ్యసన విముక్తి ఉచిత హెల్ప్‌లైన్ 14446, మానసిక సహాయానికి టెలిమానస్ 14416 నంబర్లు ఉంటాయి. టెలిమానస్‌లో తెలుగులో మాట్లాడొచ్చు, అది మా వాళ్లకు పెద్ద ఆసరా. చీటీలు తెలుగులో ఒకటి, మరాఠీలో ఒకటి. కథ పట్టు పోతుందన్న భయం నిజం కాలేదు. చీటీ చదివి మొదలుపెట్టినవాళ్లూ లిల్లీ దగ్గర ఏడ్చారు, నోటుబుక్కు చూస్తే తెలుస్తుంది.

చీటీని ప్రింటు తీయించి అంటించడానికి టపా నియమాలూ ఒక కారణం. బుక్ పోస్టులో ముద్రించినదే పోవాలి, కవరు చివర తెరిచి చూసుకునేలా ఉండాలి, సొంత ఉత్తరం లాంటిదేదీ లోపల ఉండకూడదు. అందుకే నోటుబుక్కు ఎప్పుడూ వేరే కవర్లో, ఉత్తరంగా, వెనకాల వస్తుంది. రిజిస్టర్డ్ బుక్ పోస్టును 2024 డిసెంబర్‌లో ఆపేశారు. 2025 మేలో జ్ఞాన్ పోస్ట్ వచ్చింది, 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోలకు 100, పన్ను వేరే, ట్రాకింగ్ ఉంటుంది, రోడ్డు మార్గంలోనే వెళ్తుంది. చదువుకు, సమాజానికి, సంస్కృతికి, మతానికి సంబంధించిన పుస్తకాలకే అది. కౌంటర్లో ముందే చూపించి అడగడం మంచిది. జూలై, ఆగస్టుల్లో సిరొంచకు పంపకండి. వానలకు అహేరి రోడ్డు తెగిందంటే పుస్తకం ఏదో సంచీలో నానుతుంది. మా ప్రతి వీపు ఒకసారి అలాగే ఊడితే బల్లార్‌పూర్‌లో కుట్టించాం, అప్పటినుంచి లోపల ప్లాస్టిక్, పైన ఖాకీ కాగితం. ఖాకీ కాగితం ఇంకో పనీ చేస్తుంది. చెయ్యంతా రంగురంగుల చక్కెర గుళ్లు అంటుకున్న ఆ అట్టబొమ్మ చూసి పిల్లలు లాక్కుంటారు, పెద్దలు ఏం పుస్తకమని అడుగుతారు. చిన్న ఊళ్లో తాగుడు మానే పుస్తకం ఎవరింటికి వచ్చిందో సాయంత్రానికి అందరికీ తెలిసిపోతుంది. కొందరు బడి చిరునామాకు తెప్పించుకుంటారు, అదే మేలు.

మాలో ఒకాయన, తాగుడు మానాలనుకునేవాళ్లు కలుసుకునే ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగులకు పోతూ ఏళ్లుగా తాగకుండా ఉన్నాడు. ఆ మీటింగుల్లో పాటించే పన్నెండు మెట్ల పద్ధతిని ఈ పుస్తకం చిన్నచూపు చూసిందని నోటుబుక్కులో పేజీలకు పేజీలు కోపంగా రాశాడు. రాసింది తేనె పూసిన మాట కాదు, కానీ పుస్తకం చదివాక తప్పకుండా చదవాల్సింది. ఫ్రే తనకు పనికిరాలేదన్నది వేరు, ఎవరికీ అక్కర్లేదన్నట్టు రాయడం వేరు. మన మహారాష్ట్రలోనే దీనికి ఎదురుగా పెట్టి చూడదగ్గ ఉదాహరణ ఉంది. రచయిత అనిల్ అవచట్ గర్ద్ అనే మత్తుమందుకు బానిసలైన పిల్లల గురించి కళ్లతో చూసి, వాళ్లతో మాట్లాడి మరాఠీలో రాశాడు. అది చదివి కదిలిన మరాఠీ రచయిత పు.ల. దేశ్‌పాండే దంపతులు డబ్బిస్తే, 1986లో పుణేలో అనిత, అనిల్ అవచట్‌లు ముక్తాంగణ్ అనే వ్యసన విముక్తి కేంద్రం మొదలుపెట్టారు. మరాఠీ చదవగలిగినవాళ్లకు ముందు ఆ వ్యాసాలు ఇస్తాను, తర్వాతే ఫ్రేను.

పంపేటప్పుడు నేను చూసుకునేది ఒకటే. ఇంట్లో తాగేవాళ్లున్న కుటుంబ సభ్యులకు తప్పకుండా పంపుతాను, ముఖ్యంగా తల్లులకు, భార్యలకు. తాగుడు మాని కొంతకాలం గడిచినవాళ్లకు, వాళ్లు అడిగితే పంపుతాను. ఇంకా రోజూ తాగుతూ, పక్కన ఎవరూ లేకుండా ఒంటరిగా ఉన్నవాళ్లకు పంపను, ఎంత అడిగినా. వాళ్లకు ముందు హెల్ప్‌లైన్ నంబరు, దవాఖాన చీటీ. మీరు సొంతంగా కొనుక్కుంటే 2006 తర్వాతి ముద్రణ తీసుకోండి, రచయిత వివరణ మొదట్లోనే ఉంటుంది. పాత ప్రతి చవగ్గా దొరికితే కొనొచ్చు, చీటీ మీరే రాసి అంటించండి. కొత్త ముద్రణకూ అంటించండి, ఎందుకంటే ఆ వివరణ జైలు లాంటి కల్పనల గురించి చెప్తుందే గాని ఒక్కసారిగా ఆపితే ఏమవుతుందో చెప్పదు.