కీక్యాడ్‌లో కంపాటిబిలిటీ మోడ్: మోడల్ తెచ్చుకోవడం తేలికే, ఇచ్చేటప్పుడే జాగ్రత్త

చర్లపల్లిలో మాది చిన్న యూనిట్. ఇళ్లలో వాడే బోరు మోటార్లకు స్టార్టర్ బోర్డులు, చిన్న పవర్ సప్లైలు చేస్తాం. బోర్డు గీయడం, సిమ్యులేషన్ రెండూ ఏళ్ల తరబడి ఉచిత బోర్డు డిజైన్ సాఫ్ట్‌వేర్ కీక్యాడ్‌లోనే, అందులో ఉన్న సిమ్యులేటర్ ఎన్‌జీస్పైస్‌తోనే. వేరేది కొందామన్న ఆలోచన రాకపోవడానికి సిమ్యులేటర్ సెట్టింగ్స్‌లో ఉన్న ఆ ఒక్క కంపాటిబిలిటీ మోడే కారణం. వేరే సిమ్యులేటర్ల కోసం రాసిన మోడల్స్‌ని చదవనిచ్చే సెట్టింగ్ అది.

పార్టుల కోసం కోఠి గుజరాతీ గల్లీకి వెళ్తే మనం అనుకున్న మోస్‌ఫెట్ (స్విచ్‌లా వాడే ట్రాన్సిస్టర్) ఒక్కోసారి ఉండదు, ఇంకో నంబర్ ఇస్తారు. దాని మోడల్, అంటే ఆ పార్ట్ ఎలా పనిచేస్తుందో సిమ్యులేటర్‌కు చెప్పే ఫైల్, కంపెనీ సైట్‌లో చూస్తే పీస్పైస్ కోసం రాసి ఉంటుంది, లేదా ఎల్‌టీస్పైస్ కోసం. రెండూ వేరే సిమ్యులేటర్లు. ఈ మోడ్ లేనప్పుడు అందులోని ఇఫ్‌లు, బ్రాకెట్లు చేత్తో దిద్దుకుంటూ కూర్చునేవాణ్ణి. ఇప్పుడు పీస్పైస్, ఎల్‌టీస్పైస్ రెండూ ఉన్న ఆప్షన్ పెడితే మామూలు మోడల్స్ చాలావరకు అలాగే నడుస్తాయి. పవర్ మోస్‌ఫెట్లకు ఎల్‌టీస్పైస్ వాడే వీడీమాస్ మోడల్ కూడా తీసుకుంటుంది. పిన్నుల వరస మాత్రం మనమే సరిచూసుకోవాలి. ఎల్‌ఎం358 ఆప్ ఆంప్ ఐసీలో ఒకటో కాలు అవుట్‌పుట్, మోడల్‌లో మొదటిది ఎక్కువగా ఇన్‌పుట్.

ఇంతవరకూ చూసి మోడల్ ఎటు నుంచి ఎటు వెళ్లినా ఒకటే అనుకున్నాను. అంత నమ్మకం ఇప్పుడు లేదు.

230 వోల్టుల లైన్ మీద సర్జ్ (ఒక్కసారిగా ఎగసే వోల్టేజీ) ఆపడానికి 14డీ431కే ఎంఓవీ వాడతాం. వోల్టేజీ హద్దు దాటితే కరెంటు లాగేసి బోర్డును కాపాడే పార్ట్ అది. ఒక మిల్లీ ఆంప్ దగ్గర దాని వోల్టేజీ 430. మా సీనియర్ ఎప్పుడో దానికి బి-సోర్స్‌తో (కరెంటు ఎంతో సూత్రంగా రాసే సోర్స్) ఒక్క లైన్ మోడల్ రాశారు: వోల్టేజీని 430తో భాగించి, దాన్ని 30వ ఘాతానికి పెంచి, మిల్లీ ఆంప్‌తో గుణించడం. ఘాతానికి ^ గుర్తు పెట్టారు. మా దగ్గర చక్కగా పనిచేసేది. బాలానగర్‌లో మా కస్టమర్ ఒకరు ఎల్‌టీస్పైస్ వాడతారు, అడిగితే అదే ఫైల్ పంపాం. రెండు రోజులకు ఫోన్: "సార్, సర్జ్ ఇస్తుంటే మీ ఎంఓవీ కరెంటే తీసుకోవట్లేదు. పార్ట్ మార్చాలంటారా?"

ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు. ఇద్దరం చెరో స్క్రీన్ ముందు కూర్చుని ఆ లైన్‌ని ముక్కలు చేసి చూశాం. ఎల్‌టీస్పైస్ బి-సోర్స్‌లో ^ అంటే ఘాతం కాదు, ఎక్స్‌ఆర్: రెండింట్లో ఒక్కటే ట్రూ అయితే జవాబు ఒకటి, రెండూ ట్రూ అయితే సున్నా. 0.5 కంటే ఎక్కువున్న సంఖ్య ఏదైనా దానికి ట్రూ. 30 ఎప్పుడూ ట్రూ. వోల్టేజీ 215 దాటగానే 430తో భాగించిన విలువ కూడా ట్రూ అవుతుంది, జవాబు సున్నా. అంటే లైన్ 215 లోపు ఉన్నంతసేపు ఒక మిల్లీ ఆంప్ లాగి, వెయ్యి వోల్టుల సర్జ్ వస్తే ఏమీ తీసుకోదు. ఎంఓవీ చేయాల్సిన పనికి సరిగ్గా తలకిందులు! పీస్పైస్‌లోనూ ^ ఎక్స్‌ఆరే. బర్కిలీ యూనివర్సిటీ పాత సిమ్యులేటర్ స్పైస్3లో అది ఘాతం, ఎన్‌జీస్పైస్ అక్కడి నుంచి వచ్చింది కాబట్టి అలాగే ఉంచుకుంది. బయటి మోడల్‌ని చదవడానికే ఈ మోడ్ పనికొస్తుంది, మనది బయటికి వెళ్తే అక్కడ ఏమవుతుందో చెప్పదు. ^ తీసి ** పెట్టాం, రెండు చోట్లా ఒకే గ్రాఫ్ వచ్చింది. ఆ రెండు రోజులు పడ్డ టెన్షన్ మాత్రం మర్చిపోలేను. కస్టమర్ ఆ గ్రాఫ్‌ని నమ్మి పెద్ద ఎంఓవీ వేసి ఉంటే బోర్డు ఖర్చు ఊరికే పెరిగేది.

ఎన్‌క్రిప్ట్ చేసిన (లోపల ఏముందో చదవనివ్వని) పీస్పైస్ మోడల్స్ దగ్గర ఏ మోడూ పనిచేయదు. టీఐ (టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్) పార్టులకైతే వాళ్లు 2020లో ఉచితంగా ఇచ్చిన పీస్పైస్ వేసుకున్నాను.

మాలాగా డయోడ్లు, మోస్‌ఫెట్లు, ఆప్ ఆంప్‌లతో మెయిన్స్ బోర్డులు చేసేవాళ్లకు, లైసెన్స్‌కి డబ్బు పెట్టలేని చిన్న యూనిట్లకు కీక్యాడ్ చాలు, ధైర్యంగా చెప్తాను. అనలాగ్ డివైసెస్ స్విచింగ్ ఐసీలతో రోజూ పని ఉంటే ఎల్‌టీస్పైస్ తీసేయకండి, వాటి మోడల్స్ చాలావరకు అందులోనే నడుస్తాయి. మేమైతే ఇప్పుడు బయటికి పంపే ప్రతి మోడల్‌నీ అవతలివాళ్లు వాడే టూల్‌లో ఒకసారి రన్ చేశాకే మెయిల్ చేస్తున్నాం.