నార్మల్ ఊళ్లో రెండు రోజులు

ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో పాఠాలు చెప్పి పదవీ విరమణ చేశాను. షికాగోలో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు "అమ్మా, ఏం చూస్తావు?" అని అడిగితే, నయాగరా అనలేదు, నార్మల్ అన్నాను. ఇల్లినాయ్ రాష్ట్రంలో అదొక ఊరి పేరు. ఉపాధ్యాయులకు శిక్షణనిచ్చే బడులను ఒకప్పుడు మన దగ్గర కూడా నార్మల్ స్కూళ్లనే అనేవారు. మద్రాసులో ప్రభుత్వ నార్మల్ స్కూలు 1856లో మొదలైంది. ఆ మరుసటి ఏడాదే, 1857 ఫిబ్రవరి 18న, ఇక్కడ ఇల్లినాయ్ స్టేట్ నార్మల్ యూనివర్సిటీ ఏర్పడింది. ఆ రాష్ట్రంలోని ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో అన్నిటికంటే పాతది ఇదే. నార్త్ బ్లూమింగ్టన్ అని పిలిచే ఊరు 1865లో ఈ బడి పేరునే తన పేరుగా పెట్టుకుంది. నార్మల్ అంటే ఇక్కడ మామూలు అని కాదు. ఫ్రెంచివారి 'ఎకోల్ నార్మాల్' నుంచి వచ్చిన మాట. పాఠం ఎలా చెప్పాలో ప్రమాణంగా చూపించే బడి అని అర్థం.

షికాగో నుంచి సుమారు రెండు వందల కిలోమీటర్లు. కారులోనూ వెళ్లవచ్చు గానీ నా ఓటు రైలుకే. యూనియన్ స్టేషన్‌లో ఎక్కితే రెండు గంటల పైచిలుకులో దించేస్తుంది. దారి పొడవునా మొక్కజొన్న చేలు. బల్లపరుపు నేల మీద దూరం నుంచే ఇరవై ఎనిమిది అంతస్తుల విద్యార్థి వసతి భవనం, వాటర్‌సన్ టవర్స్, కనిపిస్తుంది. 2012లో తెరిచిన స్టేషన్ ఊరి నడిబొడ్డున ఉంది, అక్కడి నుంచి విశ్వవిద్యాలయానికి నడిచి వెళ్లిపోవచ్చు.

బసలో మాత్రం పొరపాటు చేశాం. తక్కువ అద్దె అని హైవే పక్కన ఒక హోటల్ తీసుకున్నాం. స్టేషన్‌కు బండి పంపుతామన్నారు, గంట సేపు నిలబెట్టారు, ఫోను ఎత్తలేదు. చివరికి టాక్సీలో చేరాం. గది శుభ్రంగానే ఉంది, కానీ కాలినడకన ఎక్కడికీ వెళ్లలేం, టాక్సీలకు పోసింది లెక్కేస్తే మిగిలింది ఏమీ లేదు. రెండో రాత్రి స్టేషన్ దగ్గరి హోటల్‌కు మారాం. అద్దె ఎక్కువే అయినా పెద్దవాళ్లతో వెళ్లేవారికి అదే మేలు. సాయంత్రం ఎదురుగా ఉన్న అప్‌టౌన్ సర్కిల్‌లో కూర్చున్నాం. వీధుల్లో పడిన వాననీటిని శుభ్రం చేసి అక్కడ చిన్న కాలువగా పారిస్తున్నారు, పిల్లలు చేతులు ముంచి ఆడుకుంటున్నారు. శాకాహారం గురించి బెంగ అక్కర్లేదు. పక్కనే బ్లూమింగ్టన్‌లో స్టేట్ ఫార్మ్ బీమా సంస్థ ప్రధాన కార్యాలయం ఉండటం వల్ల మనవాళ్లు చాలామంది ఉన్నారు.

ఇక అసలు సంగతి. ఈ బడి మాకు కావాలంటే మాకు కావాలని ఊళ్లు పోటీపడ్డాయి. పియోరియా గట్టిగా పట్టుబట్టింది. జెస్సీ ఫెల్ అనే పెద్దమనిషి ఇల్లిల్లూ తిరిగి చందాలు, భూములు పోగుచేయడంతో, ఈ ఊరున్న మెక్‌లీన్ కౌంటీ (మన జిల్లా లాంటిది) లక్షా నలభై వేల డాలర్లకు పైగా హామీ ఇచ్చి గెలిచింది. ఆ హామీ పత్రం రాసిపెట్టిన వకీలు అబ్రహాం లింకన్. అప్పటికి ఆయన ఇంకా అధ్యక్షుడు కాలేదు. అదే ఏడాది, 1857లో, దేశమంతా ఆర్థిక సంక్షోభం వచ్చిపడి భవనం పని నత్తనడకన సాగింది. మొదటి తరగతులు బ్లూమింగ్టన్‌లో మేజర్స్ హాల్ అనే అద్దె భవనంలోనే నడిచాయి. 1861లో అంతర్యుద్ధం మొదలయ్యాక ప్రిన్సిపాల్ చార్లెస్ హోవీ తన ఉపాధ్యాయులతో, విద్యార్థులతో ఒక పటాలమే కట్టి యుద్ధానికి వెళ్లాడు. పాఠం చెప్పిన గురువు వెనకే శిష్యులు యుద్ధభూమికి నడిచారని చదివి చాలాసేపు మరో పేజీ తిప్పలేకపోయాను.

ఎంతో శ్రమపడి కట్టిన ఆ మొదటి భవనం, ఓల్డ్ మెయిన్, ఇప్పుడు లేదు. బలహీనపడిందని 1946లో పై అంతస్తు తీసేశారు, 1958లో మొత్తం కూల్చేశారు. గంట మాత్రం మిగిలింది. క్వాడ్ అని పిలిచే పచ్చిక మైదానంలో దాన్ని నిలిపారు. మా పాత బడిలో గంట అంటే వేపచెట్టుకు వేలాడగట్టిన రైలు పట్టా ముక్క. అటెండరు ఇనుప కడ్డీతో కొట్టిన ఆ చప్పుడు ఇన్నేళ్ల తర్వాత, ఇంత దూరంలో, మోగని గంట ముందు నిలబడితే నా చెవుల్లో మోగింది. మా అమ్మాయి ఫొటో తీస్తానంటే వద్దన్నాను.

క్వాడ్ చుట్టూ ఉన్న చెట్లకు కనీసం గంట కేటాయించండి. ఫెల్‌కు చెట్లంటే ప్రాణం. ఆవరణను తీర్చిదిద్దడానికి విలియం సాండర్స్‌ను పిలిపించాడు. తర్వాత, అంతర్యుద్ధంలో చనిపోయిన సైనికుల కోసం గెటిస్‌బర్గ్ శ్మశానవాటికను రూపొందించింది ఆయనే. ఇప్పుడు ఆవరణ మొత్తానికీ ఫెల్ వృక్షవనమనే పేరుంది. పక్కనే కోటలా బురుజులతో నిలబడ్డ కుక్ హాల్ 1890ల నాటిది. మొదట వ్యాయామశాల, నేడు సంగీత విభాగం. ఒక కిటికీలోంచి ఎవరో బాకా మీద ఒకే వరుసను తప్పుతూ, మళ్లీ మొదలుపెడుతూ సాధన చేస్తుంటే మెట్ల దగ్గర నిలబడి అది సరిగ్గా వచ్చేదాకా విన్నాం.

1964లో విశ్వవిద్యాలయం తన పేరు మార్చుకుంది. 1968 నుంచి ఉత్త ఇల్లినాయ్ స్టేట్ యూనివర్సిటీ. నార్మల్ అన్న మాట ఊరి పేరులోనే మిగిలింది. అయితే ఉపాధ్యాయ విద్యార్థులు నేర్చుకోవడానికి పెట్టిన మెట్‌కాఫ్ పాఠశాల, యూనివర్సిటీ హైస్కూలు నేటికీ విశ్వవిద్యాలయం కిందే నడుస్తున్నాయి. పిల్లలు చదివే బడి కదా, లోపలికి వెళ్తామని అడగడం భావ్యం కాదనిపించి బయటి నుంచే చూశాం. నా శిక్షణ రోజుల్లో మొదటి పాఠానికి వెనక బెంచీలో కూర్చుని నోటుబుక్కులో ఏదో రాసుకున్న మా మేడమ్ గుర్తొచ్చారు. సుద్దముక్క పట్టుకున్న నా చేయి ఆ రోజు ఎంత వణికిందో!

బ్లూమింగ్టన్‌కు సిటీ బస్సు ఉంది. పాత కోర్టు భవనంలోని కౌంటీ చరిత్ర మ్యూజియానికి ఒక పూట పెట్టుకోండి. లింకన్ మిత్రుడు డేవిడ్ డేవిస్ భవంతి కూడా బాగుంటుంది గానీ, సమయం తక్కువైతే దాన్ని వదిలేసి మళ్లీ క్వాడ్‌కే వెళ్లండి. మేము అదే చేశాం. రైలుకు నలభై నిమిషాలు ఉందనగా లేచి, గంట పక్కనుంచే స్టేషన్‌కు నడిచాం.