ఆపినా ఆగని ప్లగిన్లు: లైసెన్సు కొనబోయేవారికి హెచ్చరిక

వరంగల్, హనుమకొండ, కరీంనగర్ ప్రాంతాల్లో వ్యాపారుల లెక్కలకు సాఫ్ట్‌వేర్ పనులు చేసిపెడుతున్న మిత్రులకు ఈ హెచ్చరిక. డేటాను ఒక సర్వర్ నుంచి మరో సర్వర్‌కు చేరవేసే కమాండ్ లైన్ టూల్‌ను (ఆదేశాలు టైపు చేసి నడిపే ప్రోగ్రాంను) మీరు డబ్బు పెట్టి కొనబోతున్నట్లయితే, అది తన ప్లగిన్లను (అదనపు పనులు జోడించే చిన్న ప్రోగ్రాంలను) వేరే ప్రాసెస్‌లుగా, అంటే విడివిడిగా నడిచే ప్రోగ్రాంలుగా, నడిపే రకమైతే, ఆపమన్నప్పుడు అన్నీ నిజంగా ఆగుతున్నాయో లేదో కొనకముందే పరీక్షించుకోండి. నేను ఆ పరీక్ష చేయకుండా ఏడాది లైసెన్సుకు రూ.14,500 కట్టాను. అమ్మిన సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. ఇదే లోపం మరో టూల్‌లోనూ ఉండవచ్చు గనుక, దాన్ని గుర్తుపట్టే పద్ధతి చెప్పడమే మీకు ఎక్కువ ఉపయోగం.

ఎనుమాముల మార్కెట్‌లోని ఒక అడ్తిదారు (కమిషన్ వ్యాపారి) లెక్కలు నేను చూస్తాను. మిర్చి సీజన్‌లో కాంటాలు పూర్తయ్యాక ఆనాటి లాట్ల తూకాలు, ధరలు దుకాణంలోని కంప్యూటర్ నుంచి సర్వర్‌కు చేరతాయి. మరునాడు పొద్దున రైతులకిచ్చే తక్‌పట్టీలు (అమ్మకం లెక్క చీటీలు) ఆ సర్వర్ నుంచే ప్రింటవుతాయి. ఒక సాయంత్రం తేజ రకం మిర్చికి ముందు రోజు ధరలున్న ఫైలును పొరపాటున ఎక్కించడం మొదలుపెట్టాను. ఆ తప్పు నాదే. వెంటనే గమనించి, నడుస్తున్న పనిని ఆపే కంట్రోల్-సి నొక్కాను. ‘రద్దయింది’ అన్న సందేశం వచ్చింది, ప్రాంప్ట్ తిరిగి కనిపించింది. ఫైలు సరిచేసి మళ్లీ నడిపితే రెండు నిమిషాల్లో పూర్తయింది. పని ముగిసిందనుకొని ఇంటికి వెళ్లిపోయాను.

మరునాడు పరకాల వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన తన తక్‌పట్టీని కౌంటర్ మీద పరిచి, దాని వెనుక పెన్నుతో వేసుకున్న లెక్కను వేలితో చూపించాడు. క్వింటాలుకు రూ.300 చొప్పున ఆరు క్వింటాళ్లకు రూ.1,800 తక్కువ పడింది. ఆయన లెక్కే సరైనది. వెతికితే అలాంటి తక్‌పట్టీలు 27 బయటపడ్డాయి. ఆయన మళ్లీ లెక్క చూసుకోకపోయి ఉంటే ఆ సొమ్ము ఎంతమంది రైతులకు అందకుండా పోయేదో తలచుకుంటే ఇప్పటికీ మనసు స్థిమితంగా ఉండదు.

ఆ ఉదయం దుకాణం కంప్యూటర్‌లో, నడుస్తున్న ప్రాసెస్‌ల జాబితా చూపే పీఎస్ కమాండు ఇచ్చి చూస్తే కారణం తెలిసింది. అప్‌లోడ్ చేసే ప్లగిన్ ప్రాసెస్ ఒకటి ఇంకా నడుస్తూనే ఉంది. అది మొదలైన సమయం ముందు రోజు సాయంత్రం 7:42. అంటే నేను రద్దు చేశాననుకున్నదే. దాని పేరెంట్ (దాన్ని పుట్టించిన) ప్రాసెస్ సంఖ్య 1 అని ఉంది, టెర్మినల్ (ఆదేశాలు టైపు చేసే కిటికీ) కాలమ్‌లో ప్రశ్నార్థకం ఉంది, అంటే అది ఏ టెర్మినల్‌కూ చెందదు. కన్న ప్రాసెస్ ముందే చనిపోవడంతో అనాథగా మిగిలి 1వ ప్రాసెస్ కిందికి చేరిందన్నమాట. నెట్ మందగించినప్పుడల్లా అది మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తూ, నేను రెండోసారి ఎక్కించిన సరైన ధరల మీద రాత్రి పాత ధరలను రాసేసింది.

టెర్మినల్‌లో కంట్రోల్-సి నొక్కితే సిగ్‌ఇంట్ అనే 2వ నంబరు సిగ్నల్ (ఆగమని చెప్పే సందేశం) ఆ టెర్మినల్ ముందువరుసలో ఉన్న ప్రాసెస్ గ్రూపు మొత్తానికీ వెళ్తుంది. ఈ టూల్ తన ప్లగిన్లను ఆ టెర్మినల్‌తో సంబంధం లేని వేరే సెషన్‌లో పుట్టిస్తుంది కాబట్టి వాటికి ఆ సిగ్నల్ చేరదు. వేరుగా పుట్టించడమే తప్పని నేను అనను. ప్లగిన్‌కూ ప్రధాన ప్రోగ్రాంకూ సిగ్నల్ ఒకేసారి చేరితే, అప్పటికి రాస్తున్న డేటా వరుసను పూర్తిచేయకుండానే ప్లగిన్ చనిపోవచ్చు. అందుకే కొందరు వాటిని విడదీస్తారు. అయితే అలా విడదీసిన క్షణం నుంచి ఆగమన్న కబురు అందించే బాధ్యత, అది ఆగేదాకా వేచి ఉండే బాధ్యత, గడువు దాటితే సిగ్‌కిల్ అనే, తప్పించుకోలేని సిగ్నల్‌తో ముగించే బాధ్యత ప్రధాన ప్రోగ్రాందే అవుతుంది. కంటైనర్లను నడిపే డాకర్ కమాండ్ లైన్ టూల్ తన ప్లగిన్లకు సాకెట్ (రెండు ప్రోగ్రాంలు మాట్లాడుకునే దారి) ద్వారా కబురు పంపే ఏర్పాటు చేసుకుంది; మూడుసార్లు సిగ్నల్ వచ్చినా పని ఆగకపోతే బలవంతంగా ముగించేస్తుంది. నేను కొన్న టూల్ ప్లగిన్లను విడదీసింది గానీ, ఈ మూడు బాధ్యతల్లో ఒక్కటీ తీసుకోలేదు.

దీనికంటే ప్రమాదకరమైనది ఇంకొకటి తర్వాత తెలిసింది. సిగ్‌ఇంట్‌తో ఆగిన ప్రోగ్రాం ముగింపు కోడ్ (పని ఎలా ముగిసిందో చెప్పే సంఖ్య) షెల్‌లో సాధారణంగా 130గా, మర్యాదగా ఆగమని అడిగే సిగ్‌టర్మ్‌తో ఆగితే 143గా కనిపిస్తుంది. ఈ టూల్ మధ్యలో ఆపినా 0 ఇస్తుంది. దాని తర్వాత నడవాల్సిన స్క్రిప్టు ఆ సున్నాను చూసి పని సవ్యంగా పూర్తయిందనే నమ్మి ముందుకు పోతుంది. మనుషులెవరూ చూడని రాత్రివేళ నడిచే పనుల్లో ఇది ఎంత నష్టం చేయగలదో మీరే ఊహించగలరు.

అమ్మినవారికి పీఎస్ జాబితాతో సహా రాస్తే, టెర్మినల్ మూసి మళ్లీ తెరవమని సలహా ఇచ్చారు. టెర్మినల్ మూస్తే వెళ్లే సిగ్‌హప్ అనే సిగ్నల్ కూడా ఆ టెర్మినల్‌కు సంబంధించిన ప్రాసెస్‌లకే చేరుతుంది. వేరే సెషన్‌లో ఉన్న ప్లగిన్‌కు అదీ అందదు. ఈ విషయం వివరిస్తూ మళ్లీ రాసినప్పుడు ట్రయల్ గడువు దాటిందని, డబ్బు వాపసు కుదరదని జవాబు వచ్చింది.

అందుకే ట్రయల్ గడువులోనే పరీక్షించండి. పెద్ద ఫైలుతో పని మొదలుపెట్టి మధ్యలో కంట్రోల్-సి నొక్కి, పది సెకన్లు ఆగి, ప్లగిన్ పేరుతో ప్రాసెస్‌లు ఏమైనా మిగిలాయేమో చూడండి. ముగింపు కోడ్ ఎంతో కూడా చూడండి. తర్వాత మరో టెర్మినల్ నుంచి ప్రధాన ప్రాసెస్‌కు మాత్రమే కిల్ కమాండుతో సిగ్‌టర్మ్ పంపి అదే చూడండి. ఈ రెండో పరీక్షను వదిలేయకండి. అది గ్రూపుకు కాకుండా ఒక్క ప్రాసెస్‌కే వెళ్తుంది కాబట్టి, కంట్రోల్-సి పరీక్షలో నెగ్గిన టూల్ కూడా ఇక్కడ ఓడిపోవచ్చు. చివరగా సిగ్‌కిల్ పంపండి. దాన్ని ఏ ప్రోగ్రామూ పట్టుకోలేదు, కబురు పంపే అవకాశం కూడా ఉండదు. కాబట్టి ప్రధాన ప్రోగ్రాంతో తనను కలిపే పైపు (సమాచారం వెళ్లే దారి) మూసుకుపోయిందని ప్లగిన్ తానే గుర్తించి ఆగాలి. ఈ చివరి పరీక్షలో తప్పినంత మాత్రాన టూల్‌ను పక్కన పెట్టనవసరం లేదు గానీ, మొదటి రెండింటిలో తప్పితే మాత్రం కొనకండి.

లైసెన్సు ఇంకా ఉంది గనుక ప్రస్తుతం ఆ టూల్‌ను, లైనక్స్‌లో ప్రోగ్రాంలను నడిపి పర్యవేక్షించే సిస్టమ్‌డీ కింద సర్వీస్‌గా నడుపుతున్నాను. ప్రధాన ప్రాసెస్ ముగియగానే ఆ సర్వీస్ సీ-గ్రూపులో (అది పుట్టించిన ప్రాసెస్‌లన్నీ ఉండే గుంపులో) మిగిలిన ప్లగిన్లన్నిటికీ సిస్టమ్‌డీ సిగ్‌టర్మ్ పంపుతుంది. మార్చకపోతే 90 సెకన్లు చూసి సిగ్‌కిల్ పంపుతుంది. దీనితో అనాథ ప్రాసెస్‌లు మిగలడం లేదు. కానీ ప్లగిన్ సిగ్‌టర్మ్‌ను పట్టుకుని చేతిలోని వరుసను పూర్తిచేసేలా రాయలేదు కాబట్టి, ఆపిన ప్రతిసారీ ఆ రోజు వరుసలను తక్‌పట్టీలు ప్రింటయ్యేలోపు చేతితో సరిచూస్తున్నాను.

ఇలాంటి టూల్ ఇప్పటికే వాడుతున్నవారు ఈ రాత్రే ఒకసారి ప్రాసెస్ జాబితా తెరిచి, పేరెంట్ 1గా ఉన్న పాత ప్లగిన్లు ఏమైనా ఉన్నాయేమో చూసుకోండి. ఉంటే ఆపే ముందు మొదలైన సమయం రాసిపెట్టుకోండి. ఏ తేదీ నుంచి వరుసలు సరిచూడాలో దాన్ని బట్టే తెలుస్తుంది.